పసుపు డిస్కులో ఏముంది? ఫామికామ్ డిస్క్ సిస్టమ్ ఆటలు కొనేముందు, కొన్నాక

క్యాట్రిడ్జ్ ఆటలు సేకరించడంలో ఒక నిశ్చింత ఉంది. లేబుల్ మీద ఏ పేరుంటే లోపల ఆ ఆటే ఉంటుంది. ఏళ్ల తరబడి అటక మీద పడున్నా, పిన్నులు శుభ్రంగా తుడిస్తే చాలావరకు లేచి కూర్చుంటుంది. నింటెండో తన ఫామికామ్ వీడియో గేమ్ యంత్రానికి తోడుగా 1986లో తెచ్చిన డిస్కు డ్రైవు, ఫామికామ్ డిస్క్ సిస్టమ్ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు నమ్మకాలూ పనిచేయవు. లేబుల్ ఒకటి, లోపలి ఆట ఇంకొకటి కావచ్చు. డిస్కు బాగుండి డ్రైవు చచ్చిపోయి ఉండొచ్చు, డ్రైవు బాగుండి డిస్కుకు బూజు పట్టి ఉండొచ్చు. జపాన్ దాటి బయటికి రాని ఆటలు ఎన్నో ఈ డిస్కుల మీదే ఉన్నాయి. వాటి కోసం వెళ్లేవాళ్లు కొనేది అయస్కాంత పూత మీది డేటానే. డబ్బా, లేబుల్, కాగితాలు దాని తర్వాతే.

ఫామికామ్ 1983 జులై 15న 14,800 యెన్లకు వచ్చింది. డిస్క్ సిస్టమ్ 1986 ఫిబ్రవరి 21న 15,000 యెన్లకు వచ్చింది, అదే రోజున ది లెజెండ్ ఆఫ్ జెల్డా కూడా. అప్పటి లెక్కలో ఇది పెద్ద ముందడుగు. సూపర్ మారియో బ్రదర్స్ క్యాట్రిడ్జ్ మొత్తం 40 కిలోబైట్లు, డిస్కు రెండు వైపులా కలిపితే సుమారు 112 కిలోబైట్లు. పైగా ఆడిన ఆట ఎక్కడ ఆపామో డిస్కు మీదే రాసుకోవచ్చు. దుకాణాల్లో పెట్టిన డిస్క్ రైటర్ యంత్రం దగ్గర 500 యెన్లు ఇస్తే పాత ఆట చెరిపి కొత్త ఆట ఎక్కించి ఇచ్చేవారు. కొత్త క్యాట్రిడ్జ్ కొనాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాల్సిన రోజులవి.

అయితే ఆ ముందడుగు ఎక్కువ కాలం నిలవలేదు. నాలుగు నెలలకే, 1986 జూన్‌లో, మకైమురా ఆట 128 కిలోబైట్ల క్యాట్రిడ్జ్‌లో వచ్చి డిస్కు సామర్థ్యాన్ని దాటేసింది. తర్వాత క్యాట్రిడ్జ్‌లోనే బ్యాటరీ పెట్టి ఆటను దాచుకునే వీలు వచ్చింది. ఇక డిస్కుకు మిగిలిన బలం చవక ధరే. అయినా సుమారు 44 లక్షల డ్రైవులు అమ్ముడయ్యాయి, 200 వరకు ఆటలు వచ్చాయి. చివరిది 1992 డిసెంబరులో వచ్చిన జాన్‌కెన్ డిస్క్ జో. ఆటలు రాసిచ్చే సేవను నింటెండో 2003 వరకు నడిపింది, ఫామికామ్ కుటుంబం మరమ్మతులను 2007లో ఆపేసింది. ఆ తర్వాత ఈ యంత్రాల బాగోగులు పూర్తిగా సొంతదారుల మీదే పడ్డాయి.

లేబుల్‌ను ఎందుకు నమ్మకూడదు

500 యెన్లకు ఆట మార్చుకునే పద్ధతి సేకరించేవాళ్లకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఆట మార్పించుకున్నప్పుడు కొత్త ఆట స్టిక్కరు, చిన్న సూచనల కాగితం ఇచ్చేవారు. పిల్లలు ఆ స్టిక్కరును కొన్నిసార్లు అంటించేవారు, కొన్నిసార్లు పారేసేవారు. జెల్డా లేబుల్ ఉన్న డిస్కులో గోల్ఫ్ ఆట ఉండటం, ఒక వైపు (ఏ) ఒక ఆట, రెండో వైపు (బీ) ఇంకొక ఆట ఉండటం మామూలే. కొన్ని ఆటలు దుకాణంలో పెట్టెకట్టి అమ్మనేలేదు, రాయించుకోవడం ద్వారానే దొరికేవి. 1988లో వచ్చిన కాయెత్తెకిత మారియో బ్రదర్స్ అలాంటిదే. నగతానియెన్ అనే ఆహార కంపెనీ ప్రకటనలు అందులో ఉండటంతో దాన్ని 400 యెన్లకే రాసిచ్చేవారు. అలాంటి ఆటకు పెట్టెతో కూడిన ‘అసలు ప్రతి’ అంటూ ఉండదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే అనుమానించాల్సిందే.

నిజం తెలుసుకునే దారి డిస్కులోనే ఉంది. ప్రతి వైపు డేటా ఒక గుర్తింపు భాగంతో మొదలవుతుంది. ముందు నింటెండో-హెచ్‌వీసీ అనే అక్షరాలు, తర్వాత తయారీదారు సంకేతం, దాని వెనకే ఆటకు మూడక్షరాల పేరు ఉంటాయి. జెల్డాకైతే జడ్, ఈ, ఎల్. డిస్కును కంప్యూటర్‌లోకి దించి, ఫైలును బైటు బైటుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే ఇవి నేరుగా చదవొచ్చు. ఆ భాగం మొదలును సున్నాగా లెక్కిస్తే 31వ బైటు నుంచి మూడు బైట్లలో తయారీ తేదీ, 44వ బైటు నుంచి మూడు బైట్లలో తిరిగి రాసిన తేదీ, 52వ బైటులో ఎన్నిసార్లు రాశారన్న లెక్క కనిపిస్తాయి. సంవత్సరం జపాన్ షోవా లెక్కలో ఉంటుంది, దానికి 1925 కలపాలి. అంటే 61, 02, 21 అని కనిపిస్తే 1986 ఫిబ్రవరి 21. రాసిన లెక్క సున్నా అయితే అది కార్ఖానా నుంచి వచ్చినప్పటి ఆటే. ఒకటో, అంతకంటే ఎక్కువో ఉంటే దుకాణంలో రాసినది. ‘మార్చని అసలు డిస్కు’ అని ఎక్కువ ధర చెప్పే అమ్మకందారును ఈ మూడు అంకెల ఫొటో అడగడం న్యాయమే. చాలామంది దగ్గర దించే పరికరం ఉండదు కాబట్టి ఇవ్వలేకపోవచ్చు. అప్పుడు ధర కూడా ఆ మేరకు తగ్గాలి.

డిస్కు అంచున నింటెండో అనే పేరు లోతుగా చెక్కి ఉంటుంది. డ్రైవులో దానికి తగ్గ ఎత్తు ఉంటుంది, రెండూ అమరితేనే డిస్కు కూర్చుంటుంది. నకిలీ డిస్కులు చేసినవాళ్లు ఆ గుంటలను దాదాపు అదే చోట ఉంచి అక్షరం మార్చేవారు. అందుకే అంచు మీది అక్షరాలను ఒక్కొక్కటిగా చదవాలి. మామూలు డిస్కులు పసుపు రంగువి, వాటికి షట్టర్ (కిటికీని మూసే జారుడు మూత) ఉండదు, అయస్కాంత పూత కిటికీలోంచి తెరుచుకునే కనిపిస్తుంది. నీలం డిస్కులకు మాత్రమే షట్టర్ ఉంటుంది. 1987లో డిస్క్ ఫ్యాక్స్ అనే యంత్రం ద్వారా స్కోర్లు పంపే పోటీల కోసం వాటిని తెచ్చారు. గోల్ఫ్ జపాన్ కోర్స్ అలాంటిదే.

డ్రైవు ఎలా చదువుతుంది, ఎందుకు ఆగిపోతుంది

ఇందులో వాడింది మిత్సుమి క్విక్ డిస్క్ రకం, 2.8 అంగుళాల డిస్కు. కంప్యూటర్ ఫ్లాపీలో డేటా వలయాలు వలయాలుగా ఉంటుంది, డేటా చదివే తల (హెడ్) కావలసిన వలయం దగ్గరికి వెళ్లి ఆగుతుంది. క్విక్ డిస్కులో ఉన్నది బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక గీత. తలకు సొంత మోటారు లేదు. డిస్కును తిప్పే మోటారే పళ్లచక్రాల ద్వారా తలను కూడా లోపలికి నడిపిస్తుంది. ఒక వైపు మొత్తం చదవడానికి ఆరేడు సెకన్లు పడుతుంది, చివరికి చేరాక తల స్ప్రింగు బలంతో మొదటికి వస్తుంది. మధ్యలో ఉన్న ఒక చిన్న ఫైలు కావాలన్నా మొదటి నుంచి నడవాల్సిందే. రెలిక్స్ లాంటి ఆటలు అడుగడుగునా లోడింగ్‌తో విసిగించడానికి మూలం ఇదే. ఆట కోసం డేటా డిస్కు నుంచి, క్యాట్రిడ్జ్ చోట ఫామికామ్‌లో పెట్టే ర్యామ్ అడాప్టర్‌లోని 32 కిలోబైట్ల ర్యామ్‌లోకి, బొమ్మలు మరో 8 కిలోబైట్లలోకి వస్తాయి. అవి సరిపోనప్పుడల్లా మళ్లీ డిస్కు తిరగాలి.

ఈ నిర్మాణం అర్థమైతే జబ్బులన్నీ అర్థమవుతాయి. మోటారు నుంచి చక్రానికి శక్తిని అందించేది ఒక సన్నని రబ్బరు బెల్టు. ఇన్నేళ్లకు ఆ రబ్బరు సాగి వదులైపోతుంది, లేదంటే కరిగి నల్లని తారు ముద్దవుతుంది. డ్రైవు అమ్మకానికి పెట్టినవాళ్లు ‘పనిచేస్తుందో లేదో చూడలేదు’ అని రాస్తే బెల్టు పోయినట్టే అనుకుని కొనడం మంచిది. జంక్ అని రాస్తే వాపసు మాటే ఉండదు. అలాగని జంక్ డ్రైవులన్నీ పనికిరానివి అనుకోనక్కర్లేదు. చాలావాటికి బెల్టు, శుభ్రం, సర్దుబాటు సరిపోతాయి.

కొన్న డ్రైవును వెంటనే డిస్కుతో పరీక్షించకూడదు. ముందు డిస్కు లేకుండా ర్యామ్ అడాప్టర్‌ను ఫామికామ్‌లో పెట్టి ఆన్ చేయాలి. నింటెండో పేరు, దాని మీద దీపం కోసం పోట్లాడుకునే మారియో, లుయీజీ కనిపిస్తే ఫామికామ్, ర్యామ్ అడాప్టర్ రెండూ బాగున్నట్టు. తెర ఖాళీగా ఉంటే లోపం డ్రైవులో కాదు, అడాప్టర్ పిన్నుల్లోనో ఫామికామ్‌లోనో వెతకాలి. ఇక ఆ తర్వాత వచ్చే ఎర్రర్ అంకెలు చాలా విషయం చెప్తాయి. 01 అంటే డిస్కు కూర్చోలేదు. 02 అంటే డ్రైవుకు కరెంటు చాలడం లేదు. 03 అంటే డిస్కుకు రాతరక్షణ తునక విరిగింది, ఆటను దాచడం కుదరదు. 07 అంటే ఏ, బీ వైపులు తారుమారయ్యాయి. 22 వస్తే గుర్తింపు భాగం మొదలు దొరకడం లేదు. తల, డిస్కు ఒకదానికొకటి సరిగ్గా అమరలేదనడానికి ఇది తొలి గుర్తు. 27 అంటే డ్రైవు డేటా చదివింది గానీ సరిచూసే అంకె కలవలేదు. మురికి, బూజు, వేగంలో తేడా ఇలాంటివి దీనికి కారణంగా ఉంటాయి. ఒక్క డిస్కుకే 27 వస్తే డిస్కును, అన్ని డిస్కులకూ వస్తే డ్రైవును అనుమానించాలి.

బెల్టు మార్పు, ఆ తర్వాతి కష్టం

బెల్టు మార్చడం చేతిపని తెలిసినవాళ్లకు గంటన్నర పని. బ్యాటరీలు, అడాప్టర్ తీసేశాక అడుగు మరలు విప్పి పై మూత ఎత్తితే లోపల లోహపు డ్రైవు కనిపిస్తుంది. దాన్ని బయటికి తీసి తిరగేస్తే అడుగున మోటారు పుల్లీ, పెద్ద చక్రం ఉంటాయి. కదిలించేముందు ప్రతి తీగ ఎక్కడుందో ఫొటో తీసుకోవాలి. కరిగిన బెల్టు ముక్కలను చెక్క పుల్లతో గీకి తీసి, మిగిలినదాన్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లలతో తుడవాలి. పుల్లీ గాడిలో కాస్త తారు మిగిలినా దాని చుట్టుకొలత పెరుగుతుంది, డిస్కు వేగం పెరుగుతుంది. కొత్త బెల్టు వేసినా ఎర్రర్ 27 పోకపోతే తప్పు తరచు అక్కడే దొరుకుతుంది. ఇత్తడి పుల్లీని బ్లేడుతో గీకితే గీతలు పడి బెల్టు వణుకుతుంది, ఆ పని వద్దు.

బెల్టు ఈ డ్రైవు కోసమే కోసి చేసినదై ఉండాలి. క్యాసెట్ టేపు రికార్డర్ల బెల్టుల్లోంచి దగ్గరగా ఉన్నది వేస్తే రెండు రకాలుగా చెడుతుంది. బిగుతైతే మోటారు బరువు మోసి వేగం తగ్గుతుంది, వదులైతే డిస్కు మొదట్లో జారి మొదటి భాగమే తప్పిపోతుంది. తల జారే కమ్మీల మీద పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. తుడిచేసి లిథియం గ్రీజును చాలా పల్చగా, దూది పుల్ల మొనతో రాయాలి. ఎక్కువ రాస్తే అది చిమ్మి డిస్కు మీద పడుతుంది. తల మీద ఆల్కహాల్‌తో తడిపిన పుల్ల మెత్తగా తిప్పాలి. తలకు ఎదురుగా డిస్కును నొక్కిపట్టే చిన్న ఫెల్ట్ గుడ్డ ముక్క ఉంటుంది, దాన్ని ఊడిపోకుండా చూసుకోవాలి. అది ఊడితే డిస్కు తలకు ఆనదు.

చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. బెల్టు కొత్తది, తల శుభ్రం, అయినా ఎర్రర్ 22. కారణం సర్దుబాటు. డిస్కు మధ్య రంధ్రంలోకి దూరే కుదురు ఏ కోణంలో ఉన్నప్పుడు తల బయటి అంచున మొదలవుతుందన్న లెక్క కార్ఖానాలో బిగించినది. తల నడక, కుదురు తిప్పు ఒకే మోటారువి కాబట్టి వాటి మధ్య కోణం మారితే తల గీత మొదలుకు కాస్త ముందో వెనకో దిగుతుంది, గుర్తింపు భాగం దాటిపోతుంది. కుదురును పట్టి ఉంచేది చిన్న అలెన్ మర. దాన్ని వదులు చేసేముందే కుదురుకు, చక్రానికి కలిపి సన్నని పెన్నుతో గీత గీయాలి. ఆ గీత లేకుండా వదులు చేసినవాళ్లకు తిరిగి దారి దొరకడం కష్టం. తర్వాత కుదురును రెండు మూడు డిగ్రీల చొప్పున ఒక దిశలో కదిలిస్తూ, బిగిస్తూ, బాగుందని ఖాయంగా తెలిసిన డిస్కుతో పరీక్షించాలి. ఒక దిశలో ఎంత జరిపినా 22 పోకపోతే గీత దగ్గరికి తిరిగొచ్చి రెండో దిశ పట్టాలి. ఒకసారి లోడయ్యాక సంతోషపడి ఆపేయకూడదు. ఇంకొంచెం జరిపి ఎక్కడ మళ్లీ చెడుతుందో చూసి, చదివే హద్దులకు మధ్యలో మర బిగిస్తే వేరే డ్రైవుల్లో రాసిన డిస్కులూ చదువుతుంది. దుకాణపు డిస్కులు ఏ యంత్రంలో రాశారో ఎవరికీ తెలియదు కాబట్టి ఈ మధ్య కొలత చాలా ముఖ్యం. పరీక్షకు వాడే డిస్కు చవకైనది, నకలు తీసి పెట్టుకున్నది అయి ఉండాలి. చెడ్డ తల మొదట చెడగొట్టేది దాన్నే.

బూజు

షట్టర్ లేని డిస్కులు తేమకు తెరిచిన తలుపు. డిస్కును వేలితో మెల్లగా తిప్పుతూ కిటికీలోంచి లైటు కింద చూస్తే పూత మీద తెల్లని, బూడిదరంగు మచ్చలు కనిపిస్తే అది బూజు. దాన్ని డ్రైవులో పెడితే ఆ డిస్కు చదవకపోవడం ఒక్కటే నష్టం కాదు. బూజు తలకు అంటుకుంటుంది, పూత గీసుకుపోతుంది, ఆ తలే తర్వాతి మంచి డిస్కును కూడా గీస్తుంది. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి డిస్కును లైటు కింద చూడకుండా డ్రైవులో పెట్టకూడదు. శుభ్రం చేయాలంటే ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూది పుల్లను కిటికీలో నొక్కకుండా ఆనించి, డిస్కును కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు వైపులా తుడవాలి. పుల్ల మురికైనప్పుడల్లా మార్చాలి. పూర్తిగా ఆరాకే డ్రైవు. గోధుమరంగు పూత పుల్లకు అంటుతుంటే వెంటనే ఆపాలి, ఆ డిస్కు ఇక బాగుపడదు.

విశాఖపట్నం, మచిలీపట్నం, చెన్నై లాంటి తీరపు ఊళ్లలో ఈ డిస్కులు దాచుకునేవాళ్లకు వర్షాకాలమే అసలు శత్రువు. డిస్కును దాని కాగితపు తొడుగులో, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, నిలువుగా పెట్టి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచాలి. రంగు మారే సిలికా జెల్ అయితే మార్చాల్సిన వేళ తెలుస్తుంది. డబ్బాలో చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే సరిపోతుంది. స్పీకర్ల పక్కన పెట్టకూడదు, అందులో అయస్కాంతాలు ఉంటాయి.

మన ఇంట్లో ఆడించాలంటే

ఫామికామ్ కరెంటు అడాప్టర్ జపాన్ 100 వోల్టులకు చేసినది, బయటికి 10 వోల్టులు, 850 మిల్లీఆంపియర్లు ఇస్తుంది, మధ్య పిన్ను నెగటివ్. దాన్ని మన 230 వోల్టుల సాకెట్లో పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. 230 నుంచి 100 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వాడటం ఒక దారి. మధ్య పిన్ను నెగటివ్‌గా ఉన్న 9 లేదా 10 వోల్టుల డీసీ అడాప్టర్ మరో దారి, అది కనీసం 850 మిల్లీఆంపియర్లు ఇవ్వాలి. మన మార్కెట్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్య పిన్ను పాజిటివ్. మల్టీమీటరుతో చూసుకోకుండా గుచ్చకూడదు. డిస్క్ డ్రైవుకు విడిగా కరెంటు కావాలి. అడాప్టర్ దొరికేవరకు ఆరు సీ సైజు బ్యాటరీలు సరిపోతాయి. ఆటలు ఆడనప్పుడు వాటిని తీసేయాలి, కారిన బ్యాటరీ పలకలను తినేస్తుంది.

అసలు ఫామికామ్‌కు ఆడియో-వీడియో (ఏవీ) తీగ లేదు. ఆర్ఎఫ్ ద్వారా, అంటే టీవీ యాంటెన్నా దారిలో, జపాన్ ఒకటో, రెండో చానల్‌లో బొమ్మ వస్తుంది. ఆ పౌనఃపున్యాలు 91.25, 97.25 మెగాహెర్ట్జ్. మన దగ్గర అవి ఎఫ్ఎం రేడియో ఉండే చోటు, టీవీలో ట్యూన్ చేయడం కష్టం. ఈ తలనొప్పి వద్దనుకుంటే 1993లో వచ్చిన ఏవీ ఫామికామ్, లేదా 1986 జులైలో షార్ప్ తెచ్చిన ట్విన్ ఫామికామ్ చూడాలి. ట్విన్‌లో డ్రైవు, కన్సోల్ ఒకే డబ్బాలో ఉంటాయి, ఏవీ సాకెట్లు ఉంటాయి. దాని అడాప్టర్ వేరు, 7.6 వోల్టులది, కాబట్టి ఫామికామ్ అడాప్టర్‌ను దీనికి పెట్టకూడదు. ఏవీ ఫామికామ్ కంట్రోలర్లలో మైకు ఉండదు. డిస్క్ జెల్డాలో పోల్స్ వాయిస్ అనే చెవుల రాక్షసులను రెండో కంట్రోలర్ మైకులో అరిచి చంపొచ్చు. ఆ సరదా కావాలంటే అసలు ఫామికామో, ట్విన్నో కావాలి.

తొంభైల్లో తెలుగు ఇళ్లలో ‘టీవీ గేమ్’ అని ఆడిన నకలు యంత్రాల్లో చాలావాటికి ఫామికామ్ మాదిరే 60 పిన్నుల క్యాసెట్లు ఉండేవి. ర్యామ్ అడాప్టర్ అందులో గుచ్చుకుంటుంది. అందుకని అది పనిచేస్తుందని అనుకోకూడదు. అసలు ఫామికామ్‌లో ధ్వని క్యాట్రిడ్జ్‌లోకి 45వ పిన్ను ద్వారా వెళ్లి 46వ పిన్ను ద్వారా తిరిగొస్తుంది. ర్యామ్ అడాప్టర్ తన అదనపు ధ్వనిని ఆ దారిలోనే కలుపుతుంది. చాలా నకలు యంత్రాలు ఆ దారిని కట్ చేశాయి. అప్పుడు జెల్డా శీర్షిక సంగీతంలో ఒక గొంతు మాయమవుతుంది. పైగా మన దగ్గర అమ్మినవి పాల్ టీవీల కోసం సెకనుకు 50 చిత్రాల లెక్కలో నడిచేవి, ఆట నెమ్మదిస్తుంది.

ఏ ఆటలతో మొదలుపెట్టాలి

జపనీస్ రాకున్నా ఆడుకోదగ్గవి బోలెడు. వాటిలో మొదట వెతకాల్సింది 1987లో ఆస్కీ కంపెనీ తెచ్చిన ఓటోకీ. తోషియో ఇవాయ్ చేసిన ఈ ఆటలో పేల్చే ప్రతి దిశకు ఒక స్వరం ఉంటుంది, వెనక లయకు సరిపోయేలా సర్దుకుంటుంది. ఆడుతుంటే పాట తయారవుతుంది. డిస్క్ సిస్టమ్ అదనపు ధ్వనిని ఇంత ప్రాణంతో వాడిన ఆట మరొకటి చూపడం కష్టం. 1986లో వచ్చిన జనాక్ వేగమైన షూటింగ్ ఆట, ఆడేవాడు ఎంత బాగా ఆడితే అంత గట్టి శత్రువులను పంపుతుంది. 1988లో కొనామీ తెచ్చిన ఉపా ఆటలో నడక నేర్చే పసివాడు గిలక్కాయతో రాక్షసులను గాలిబుడగలా ఉబ్బిస్తాడు. కొనామీదే ఫాల్షన్‌లో త్రీడీ కళ్లద్దాలు వాడొచ్చు. అవి పాత సీఆర్టీ టీవీ తెర మిణుకుతోనే పనిచేస్తాయి, ఎల్‌సీడీ టీవీ మీద పనిచేయవు.

భాష కావలసినవాటిలో షిన్ ఒనిగాషిమా, ఫామికామ్ తాంతెయ్ క్లబ్ ముందు వరుసవి. రెండూ రెండేసి భాగాలుగా విడివిడి డిస్కుల్లో వచ్చాయి, మొదటి భాగమే కొని మొత్తం ఉందనుకోవద్దు. ఫామికామ్ ఆటల్లో ఎక్కువ భాగం కంజి (చైనా నుంచి వచ్చిన వేల అక్షరాలు) లేకుండా, ధ్వనిని రాసే కన అక్షరాలతోనే రాస్తాయి. హిరగన, కతకన వంద లోపు అక్షరాలు నేర్చుకుంటే మెనూలు చదవొచ్చు, సంభాషణలకు నిఘంటువు సరిపోతుంది.

అభిమానులు చేసిన ఇంగ్లిష్ అనువాద ప్యాచ్‌లు, అంటే ఆట ఫైలును మార్చే చిన్న ఫైళ్లు, కొన్ని ఆటలకు ఉన్నాయి. అవి సరిగ్గా పడకపోతే మొదట చూడాల్సింది ఫైలు పరిమాణం. ఎఫ్‌డీఎస్ ఫైలులో (డిస్కును కంప్యూటర్‌లో దాచే ఫైలు) ఒక్కో వైపుకు 65,500 బైట్లు, రెండు వైపులకు 131,000. కొన్ని ఫైళ్లకు ముందు 16 బైట్ల శీర్షిక ఉంటుంది, అప్పుడు 131,016. ప్యాచ్ ఏ రకానికి చేశారో దానికే వేయాలి. లేకపోతే ప్రతి మార్పూ 16 బైట్లు జరిగి పడుతుంది, ఆట తెరుచుకోదు. ప్యాచ్ వేసినదాన్ని ఎఫ్‌డీఎస్‌స్టిక్ లాంటి పరికరంలో ఎక్కించి ర్యామ్ అడాప్టర్ తీగకే తగిలిస్తే డ్రైవు లేకుండానే ఆడుకోవచ్చు. ఎవర్‌డ్రైవ్ ఎన్8 క్యాట్రిడ్జ్ కూడా డిస్కు ఫైళ్లను నడుపుతుంది.

అదే ఎఫ్‌డీఎస్‌స్టిక్‌ను ప్రత్యేక తీగతో డ్రైవుకు కలిపి డిస్కులను కంప్యూటర్‌లోకి దించొచ్చు. కొన్న డిస్కును ఆడకముందే దించడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే కొన్ని డిస్కులు ఒక్కసారి బాగా చదివి తర్వాత చదవవు. రెండుసార్లు దించి రెండు ఫైళ్ల చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కించే అంకె) పోల్చాలి. కలిస్తే చదివింది నమ్మదగినది. అయితే అది ఇంటర్నెట్‌లో ఉన్న జాబితాల చెక్‌సమ్‌తో కలవాలని లేదు. పాత సొంతదారు దాచిన ఆట, తయారీ తేదీ, రాసిన లెక్క ఇవన్నీ ఫైలులోనే ఉంటాయి కాబట్టి తేడా వస్తుంది. ఎఫ్‌డీఎస్ ఫైలు గీతలోని ఖాళీలను, సరిచూసే అంకెలను వదిలేస్తుంది. కొన్ని ఆటల నకలు రక్షణ ఆ వదిలేసినవాటి మీదే ఆధారపడింది. అందుకే పరికరం రా ఫైలు (గీతను ఉన్నదున్నట్టు దించినది) ఇస్తే దాన్నీ దాచాలి, ఫైలు పేరులో డిస్కు రంగు, లేబుల్ మీది పేరు, లోపల దొరికిన మూడక్షరాల పేరు, తేదీ రాసి పెట్టాలి. తర్వాత ఆ డిస్కు చేతులు మారినా లోపల ఏముండేదో తెలుస్తుంది.